లినెజోలిడ్ గోలీలు వాడుతుంటే బాపు ప్లేట్‌లెట్లు 62 వేలకు పడిపోయాయి. ఎవరికైనా ఇట్లా అయిందా?

పత్తిచేను · ఆగస్టు 11, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది ధర్మసాగర్ దగ్గర పల్లె. ఉద్యోగం వల్ల నేను హన్మకొండలో ఉంటున్నాను. బాపుకు 61 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. జూన్ ఆఖర్లో పత్తిలో గుంటుక తోలుతుంటే పోయినేటి మోడు ఒకటి చెప్పులోంచి దిగి అరికాల్లో గుచ్చుకుంది. షుగర్ కాళ్లు కదా, నొప్పి తెలియలేదు. తెలిసినా చెప్పే మనిషి కాదు. పాదం వాచి చీము పట్టాక అవ్వ ఫోన్ చేసింది.

జూలై 17న ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. పుండు కడిగి చీమును కల్చర్‌కు పంపితే ఎమ్మార్‌ఎస్‌ఏ అని, చాలా మందులకు లొంగని మొండి బ్యాక్టీరియా అని వచ్చింది. 20వ తేదీ నుంచి లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. మూడు రోజులు సెలైన్ లాగా ఎక్కించి, తర్వాత 600 గోలీలు రోజుకు రెండు రాసి ఇంటికి పంపారు. కాలు బాగానే మానుతోంది, ఆ విషయంలో వాళ్లను ఒక్క మాట అనడానికి లేదు.

నాలుగు రోజుల నుంచి వేపపుల్ల వేసుకుంటే చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోందట. నిన్న చూస్తే పిక్కల మీద ఆవగింజలంత ఎర్రచుక్కలు. సీబీపీ, అంటే రక్తకణాల లెక్క పరీక్ష, చేయించాను. ప్లేట్‌లెట్లు 62 వేలు. ఆసుపత్రిలో చేరిన రోజు 2 లక్షల 38 వేలు ఉండె. హిమోగ్లోబిన్ 11.8 నుంచి 9.6కు దిగింది, తెల్లకణాలు 3,900. ఊళ్లో ఆర్‌ఎంపీ రిపోర్టు చూసి "డెంగీ, ఇంకేం లేదు" అన్నాడు. నిజంగా డెంగీయేనా, లేక గోలీల వల్లనా? ఇంకో నాలుగు రోజుల గోలీలు మిగిలి ఉన్నాయి. ఆపాలా, పూర్తి చేయాలా? మస్తు టెన్షన్‌గా ఉంది.

ఎనుమాముల_మిర్చి · ఆగస్టు 11, రాత్రి 9:58

తమ్మీ, ఈ సీజన్‌లో ప్లేట్‌లెట్లు పడ్డాయంటే డెంగీయే. మా గల్లీలోనే నలుగురికి ఉంది. లేత బొప్పాయి ఆకు దంచి రసం తీసి పొద్దున, రాత్రి రెండు చెంచాలు తాపండి. మా బావమరిదికి మూడు రోజుల్లో 40 వేల నుంచి లక్షన్నరకు ఎక్కాయి. ఎందుకైనా మంచిది, బ్లడ్ బ్యాంకులో రెండు ప్యాకెట్లు చెప్పి పెట్టుకో.

కాజీపేట_జంక్షన్ · ఆగస్టు 11, రాత్రి 10:05

అన్నా, జ్వరం ఉందా? నువ్వు రాసిన దాంట్లో జ్వరం మాటే లేదు.

రాత్రి_డ్యూటీ · ఆగస్టు 11, రాత్రి 10:41

కాజీపేట గారు అసలు ప్రశ్న అడిగారు. నేను జనరల్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను. ఫోన్ తెర మీద చూసి వైద్యం చేయలేను, చేయకూడదు కూడా. ఈ లెక్క మాత్రం చూడండి. జూలై 20న మొదలుపెడితే ఈ రోజుకు 23 రోజులు. లినెజోలిడ్‌తో ప్లేట్‌లెట్లు పడిపోవడం మాకు బాగా తెలిసిన సంగతే. మొదటి వారం పది రోజుల్లో సాధారణంగా ఏమీ కనిపించదు, రెండు వారాలు దాటాక మొదలవుతుంది. అందుకే ఈ మందు వాడే వాళ్లకు వారానికోసారి సీబీపీ చేయాలని మందుతో వచ్చే కాగితంలోనే ఉంటుంది.

ఎందుకు పడతాయంటే, ఈ మందు బ్యాక్టీరియాలో ప్రొటీన్లు తయారయ్యే రైబోజోమ్‌ను పట్టుకుని పని ఆపుతుంది. మన కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలకు కూడా సొంత రైబోజోమ్‌లు ఉంటాయి. అవి అచ్చం బ్యాక్టీరియా వాటిని పోలి ఉంటాయి. ఎక్కువ రోజులు వాడితే మందు వాటినీ వదలదు. ఎముక మజ్జ రాత్రింబగళ్లు కొత్త కణాలు చేసే చోటు, కాబట్టి దెబ్బ ముందు అక్కడ తెలుస్తుంది. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు, ప్లేట్‌లెట్‌ది వారం పది రోజులే. కొత్తవి రాకపోతే ముందు తరిగిపోయేవి ప్లేట్‌లెట్లే. మీ నాన్నగారికి మూడు రకాలూ తగ్గాయి చూడండి. అది మజ్జ నెమ్మదించిన గుర్తులా ఉంది.

డెంగీలోనూ ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు పడతాయి, కాబట్టి అంకెలు చూసి మాత్రమే తేల్చలేం. కానీ అక్కడ ముందు రెండు మూడు రోజులు కాలిపోయే జ్వరం ఉంటుంది. రక్తం చిక్కబడుతుంది కాబట్టి హిమోగ్లోబిన్ ఇట్లా రెండు పాయింట్లు దిగడం దాని తీరు కాదు.

నాలుగు సంగతులు చెప్పండి: జ్వరం, క్రియాటినిన్ ఎంత, వేరే ఏం గోలీలు వేసుకుంటున్నారు, డిశ్చార్జి చీటీలో ఎన్ని రోజులని రాసి ఉంది. ఈ రాత్రే రాసిన డాక్టర్‌కు ఫోన్ చేయండి. దొరక్కపోతే రేపు పొద్దున గోలీ వేసే ముందే వెళ్లి కలవండి. ఈ లోపు ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి సూది వేయించకండి. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు కండలో నెత్తురు గడ్డ కడుతుంది. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి వద్దు. నల్లటి విరేచనం, ఆగని ముక్కు నెత్తురు, విపరీతమైన తలనొప్పి వీటిలో ఏది వచ్చినా రాత్రీ పగలూ చూడకండి, నేరుగా క్యాజువాలిటీకి.

పత్తిచేను · ఆగస్టు 11, రాత్రి 11:20

సర్, చాలా థ్యాంక్స్. జ్వరం ఒక్క రోజు కూడా లేదు. ల్యాబ్ అతను అడగకుండానే డెంగీ ఎన్ఎస్1 కూడా చేశాడు, నెగెటివ్. క్రియాటినిన్ చేరినప్పుడు 1.9 ఉంది. వేరే గోలీలంటే షుగర్‌వి రెండు రకాలు, బీపీది ఒకటి, ఎకోస్ప్రిన్ 75 అనే ఆస్పిరిన్ గోలీ.

నాలుగో దానికే నాకు తల తిరిగింది. చీటీ ఇప్పుడు తీసి చూస్తే "10 రోజులు" అని ఉంది. అంటే ఆగస్టు 2తో అయిపోవాలి. ఆ రోజు అవ్వ ఖాళీ రేకు పట్టుకుని ఊరి దగ్గరి మెడికల్ షాపుకు పోయి "ఇవే ఇయ్యి బిడ్డా, పుండు ఇంకా మానలే" అంటే ఇంకో రెండు వారాలకు సరిపడా ఇచ్చారట. ఆసుపత్రి వాళ్లు వారం తర్వాత చూపించమన్నారు. వరినాట్ల పనుల్లో పడి మేమే పోలేదు. తప్పు ఎవరిదని అడిగితే అందులో నాదీ ఉంది.

రాత్రి_డ్యూటీ · ఆగస్టు 11, రాత్రి 11:34

క్రియాటినిన్ 1.9 అంటే కిడ్నీలు కొంచెం బలహీనంగా ఉన్నాయన్నమాట. అలాంటి వాళ్లకు లినెజోలిడ్‌తో ప్లేట్‌లెట్లు పడే అవకాశం ఎక్కువ. ఎకోస్ప్రిన్ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. అది ప్లేట్‌లెట్లను తగ్గించదు కానీ ఉన్నవాటిని సరిగ్గా పని చేయనివ్వదు. గుండెలో స్టెంట్ లాంటిది ఉంటే మాత్రం మీ అంతట మీరు ఆపకండి, వాళ్లనే తేల్చనివ్వండి.

ఫార్మా_అక్క · ఆగస్టు 12, పొద్దున 6:50

నాకు హంటర్ రోడ్డు వైపు పద్దెనిమిదేళ్లుగా షాపు ఉంది. ఇది చదివి రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి. ఖాళీ రేకు పట్టుకుని వచ్చి "ఇవే ఇయ్యి" అనే వాళ్లు రోజుకు ఇరవై మంది. బీపీ గోలీలో, గ్యాస్ గోలీలో అయితే ఇచ్చేస్తాం. చెయ్యి అలవాటు పడిపోతుంది, రేకు మీద ఏముందో చూడకుండానే డబ్బా తీస్తుంది. రేకు వెనక నిలువుగా ఎర్రగీత ఉంటే అది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. 2016లో కేంద్రం ఆ గీత గురించి పెద్ద ప్రచారమే చేసింది. అంతకు ముందు 2014 మార్చి 1 నుంచి 46 మందులను హెచ్1 జాబితాలో పెట్టి, కొన్నవాళ్ల వివరాలు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలన్నారు. రూల్స్ అన్నీ ఉన్నాయి. పక్క షాపు ఇస్తుందని నేనూ, నేను ఇస్తానని పక్క షాపూ ఇస్తుంటాం, అదీ సంగతి.

తమ్ముడూ, ఒకటి అడుగుతా. బాపుకు ఈ మధ్య షుగర్ ఒక్కసారిగా పడిపోయి చెమటలు పట్టాయా? షుగర్ గోలీలు వాడేవాళ్లకు లినెజోలిడ్ తోడైతే షుగర్ బాగా దిగిపోవచ్చు. దాని గురించి ఎవరూ చెప్పరు.

పత్తిచేను · ఆగస్టు 12, పొద్దున 7:15

అక్కా! పోయిన మంగళవారం తెల్లవారుజామున చెమటలు పట్టి మాట తడబడితే అవ్వ పంచదార నీళ్లు తాపింది. మిషన్‌లో చూస్తే 58. రాత్రి సరిగ్గా తినలేదేమో అనుకున్నాం. ఆసుపత్రికి బయలుదేరుతున్నాం, వచ్చాక రాస్తాను.

నీలిమూత · ఆగస్టు 12, పొద్దున 8:02

ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఒక చిన్న మాట. ప్లేట్‌లెట్లు హఠాత్తుగా తక్కువ వస్తే ముందు మేం అనుమానించేది మా ట్యూబునే. సీబీపీకి తీసే వంకాయరంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. కొంతమంది రక్తంలో అది పడగానే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి. మిషన్ ఆ గుంపును ప్లేట్‌లెట్‌గా లెక్కపెట్టదు. రెండు లక్షలున్న మనిషికి ముప్పై వేలని ప్రింటు వస్తుంది. నా సర్వీసులో ఇట్లాంటి కాగితం పట్టుకుని రాత్రికి రాత్రి హైదరాబాద్‌కు అంబులెన్స్‌లో పోయిన కుటుంబాన్ని చూశాను. వాళ్లకు ఏ రోగమూ లేదు.

అందుకే స్లైడ్ మీద స్మియర్ చేసి కళ్లతో చూడమని అడగండి. గుంపులు కనిపిస్తే లేత నీలం మూత ట్యూబులో, అంటే సిట్రేట్‌లో, మళ్లీ తీసి లెక్కిస్తాం. అందులో ద్రవం కలుస్తుంది కాబట్టి వచ్చిన అంకెను 1.1తో హెచ్చిస్తాం. మీ బాపుకు చిగుళ్ల నెత్తురు, చుక్కలు కూడా ఉన్నాయి కాబట్టి ఇది నిజంగా పడిపోవడమే అయ్యుంటుంది. అయినా అడగండి. ఇంకోటి, వీలైనంత వరకు ఒకే ల్యాబ్‌లో చేయించండి. మిషన్ మారితే పది ఇరవై వేలు తేడా రావడం మామూలే, దానికి కంగారు పడొద్దు.

ఎనుమాముల_మిర్చి · ఆగస్టు 12, పొద్దున 8:30

అంతా బాగానే చెప్తున్నారు గానీ బొప్పాయి ఆకును ఒక్కరూ పట్టించుకోలేదు. ఇంగ్లీషు మందులు ఇట్లాగే ఒకటి కడితే ఇంకోటి ఊడదీస్తాయి. ఆ మందు ఆపి రసం మొదలుపెడితే సరిపోయే దానికి ఇంత చర్చా?

రాత్రి_డ్యూటీ · ఆగస్టు 12, మధ్యాహ్నం 2:10

అన్నా, మీ బావమరిదికి మూడు రోజుల్లో ఎక్కాయన్నారు. డెంగీలో జ్వరం దిగిన రెండు మూడు రోజులకు ప్లేట్‌లెట్లు వాటంతట అవే ఎక్కుతాయి. సరిగ్గా అప్పుడు మనం ఏది తాపితే దానికి పేరు వస్తుంది. మందు వల్ల మజ్జ నెమ్మదిస్తే చేయాల్సింది మందు ఆపడం. ఇక ప్యాకెట్ల సంగతి. నెత్తురు కారకుండా స్థిమితంగా ఉన్న మనిషికి ప్లేట్‌లెట్లు 10 వేల కంటే తగ్గితే గానీ ముందు జాగ్రత్తగా ఎక్కించాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. 62 వేలకు బ్లడ్ బ్యాంకు చుట్టూ తిరగొద్దు.

మందును మరీ విలన్‌ను చేయకండి. ఎమ్మార్‌ఎస్‌ఏ కాల్లోంచి ఎముకకు పాకితే వేలో పాదమో తీసేయాల్సి వచ్చేది. మొండి టీబీకి మన దేశంలో 2024లో అనుమతించిన కొత్త చికిత్సలో నాలుగు మందులుంటే వాటిలో ఇదొకటి, ఆరు నెలల పాటు. అంత కాలం ఎట్లా ఇస్తారంటే, మధ్యమధ్య రక్తపరీక్షలు చేస్తూ, పడిపోతే డోసు తగ్గిస్తూ, అవసరమైతే ఆపుతూ. ఇక్కడ జరగనిది ఆ పరీక్ష ఒక్కటే.

పాత_కాంపౌండర్ · ఆగస్టు 12, సాయంత్రం 5:25

నా వయసు 74. పరకాల వైపు ఒక డాక్టరు గారి దగ్గర ముప్పై ఏళ్లు కాంపౌండర్‌గా చేశాను. ఈ రక్తం మాట వచ్చినప్పుడల్లా నాకు క్లోరోమైసెటిన్ గుర్తొస్తుంది. మీలో చాలామందికి ఆ పేరు తెలిసి ఉండదు. అసలు పేరు క్లోరాంఫెనికాల్. 1947లో మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి తీశారు, 1949లో బజారుకొచ్చింది. టైఫాయిడ్‌కు అది వచ్చాకే మనుషులు బతకడం మొదలుపెట్టారని మా డాక్టరు గారు అనేవారు. మా రోజుల్లో ఇరవై ఒక్క రోజుల జ్వరం అంటే ఇంటిల్లిపాదీ కూర్చుని ఏడ్చేవాళ్లు. ఆ క్యాప్సూల్స్ పడితే నాలుగైదు రోజుల్లో జ్వరం దిగేది.

కానీ డాక్టరు గారు ప్రతి చీటీ రాసేటప్పుడూ చెయ్యి ఒక్క క్షణం ఆపేవారు. ఆ మందు రక్తాన్ని రెండు రకాలుగా కొడుతుంది. ఒకటి డోసు ఎక్కువైతే, రోజులు ఎక్కువైతే మజ్జ మందగించడం, ఆపితే తిరిగొస్తుంది. రెండోది డోసుతో పని లేదు. 25 వేల నుంచి 40 వేల మందిలో ఒకరికి మజ్జ మొత్తం ఎండిపోతుంది. అదీ మందు వాడి మానేసిన వారాలకో నెలలకో బయటపడుతుంది, చాలామంది దక్కరు. ఆ ఒక్కరు ఎవరో ముందు తెలుసుకునే దారి లేదు. చంటిపిల్లలకు ఇస్తే ఒళ్లు బూడిదరంగుకు తిరిగి చనిపోయేవారు, అందుకే వాళ్లకు అసలు ముట్టనిచ్చేవారు కాదు.

1972లో కేరళ కాలికట్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ వచ్చింది. తర్వాత తర్వాత కొత్త మందులొచ్చి అది కంటి మలాముల్లో, చెవి చుక్కల్లో మిగిలింది. మీరంటున్న లినెజోలిడ్ ఆ మొదటి రకం లాంటిదని నాకు అర్థమవుతోంది. బిడ్డా, మీ బాపుది తిరిగొచ్చే రకమే. ధైర్యంగా ఉండు.

బతుకమ్మ_బిడ్డ · ఆగస్టు 12, రాత్రి 8:15

మాది నర్సంపేట. ప్లేట్‌లెట్లు కాదు గానీ మా వదిన సంగతి చెప్తాను. ఆమెకు గుండె కవాటం మార్చారు, రక్తం పలచబడే గోలీ ఏసిట్రోమ్ రోజూ వేసుకోవాలి. పోయినేడాది పన్ను వాస్తే ఒక చోట చూపించింది. కవాటం మాట ఆమె చెప్పలేదు, వాళ్లు అడగలేదు. మెట్రోనిడజోల్ అయిదు రోజులు రాశారు. ఆరో రోజు మలం తారులా నల్లగా వచ్చింది, చెయ్యి గోడకు తగిలితే కమిలిపోయింది. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ చూస్తే 7 దాటింది, ఆమెకు ఉండాల్సింది మూడుకు అటూ ఇటూ. విటమిన్ కె ఎక్కించి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఆమె ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలు, అవి మాత్రం చక్కగా ఉన్నాయి!

రాత్రి_డ్యూటీ · ఆగస్టు 12, రాత్రి 9:02

మంచి పని చేశారక్కా, ఇది చెప్పడం. మెట్రోనిడజోల్, సెప్ట్రాన్ రకం గోలీలు ఆ పలచన మందు శరీరంలోంచి పోకుండా అడ్డుపడతాయి, అది పేరుకుపోతుంది. ఏ యాంటీబయాటిక్ మొదలుపెట్టినా వీళ్లకు నాలుగైదు రోజుల్లో ఐఎన్ఆర్ చూడాలి. ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే సెఫోపెరజోన్ సూదిమందు సొంతంగానే విటమిన్ కె పనిని దెబ్బతీస్తుంది. తిండి తినలేక సెలైన్ మీద ఉన్నవాళ్లలో మరీ. అందుకే దానితో పాటు చాలాచోట్ల విటమిన్ కె కూడా ఇస్తాం.

కోటగుమ్మం · ఆగస్టు 12, రాత్రి 9:30

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా తమ్ముడికి టీబీ మందులు మొదలై మూడు రోజులైంది. మూత్రం నారింజరంగులో, ఒక్కోసారి ఎర్రగా వస్తోంది. నెత్తురేమోనని భయపడి ఈ రోజు గోలీలు వేసుకోలేదు.

రాత్రి_డ్యూటీ · ఆగస్టు 12, రాత్రి 9:37

అది రిఫాంపిసిన్ రంగు. చెమట, కన్నీళ్లు కూడా ఆ రంగుకు తిరుగుతాయి, తెల్ల చొక్కా మరకలవుతుంది. నెత్తురు కాదు. రేపటి నుంచి ఆపకుండా వేసుకోమనండి. రోజు వదిలి రోజు వేసుకోవడం, మధ్యలో మానేసి మళ్లీ మొదలుపెట్టడమే అసలు ప్రమాదం. రిఫాంపిసిన్‌తో రోగనిరోధక వ్యవస్థ ఎదురుతిరిగి ప్లేట్‌లెట్లు కుప్పకూలడం అరుదు. అది ఎక్కువగా అట్లా ఆగి ఆగి వాడినవాళ్లలోనే చూస్తాం. ఒకసారి అట్లా జరిగితే ఆ మనిషికి మళ్లీ జన్మలో ఆ మందు ఇవ్వం. ఒంటి మీద చుక్కలు, ముక్కులోంచి నెత్తురు వస్తే మాత్రం వెంటనే టీబీ సెంటర్‌కు వెళ్లాలి.

గోదారి_గట్టు · ఆగస్టు 12, రాత్రి 10:20

మాది ఏటూరునాగారం ఏజెన్సీ. ఇక్కడ వాన మొదలైతే మలేరియా. మా మేనల్లుడికి వైవాక్స్ అని ప్రైమాక్విన్ 14 రోజులు ఇచ్చారు. నాలుగో రోజుకు మూత్రం థమ్సప్ రంగులో వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి, పిల్లాడు నిలబడలేకపోయాడు. జీ6పీడీ తక్కువట. ఆ ఎంజైమ్ తక్కువున్నవాళ్ల ఎర్రకణాలు కొన్ని మందులకు తట్టుకోలేక పగిలిపోతాయట. ఎక్కువగా మగపిల్లల్లో బయటపడుతుందని చెప్పారు. ప్రైమాక్విన్ యాంటీబయాటిక్ కాదని తెలుసు. కానీ మాకిచ్చిన కాగితంలో మూత్రం మంటకు వాడే నైట్రోఫ్యూరాంటాయిన్, చర్మానికి వాడే డాప్సోన్ కూడా ఉన్నాయి. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఆధార్ కార్డుతో పాటు వాడి జేబులోనే ఉంచుతున్నాం.

నీలిమూత · ఆగస్టు 12, రాత్రి 10:44

అన్నా, కణాలు పగిలిన ఆ వారంలోనే జీ6పీడీ పరీక్ష చేస్తే ఒక్కోసారి మామూలుగానే ఉన్నట్టు వస్తుంది. ముసలి కణాలు పగిలిపోయి, కొత్త కణాల్లో ఎంజైమ్ బాగానే ఉంటుంది కాబట్టి. అనుమానం ఉంటే మూడు నెలలాగి మళ్లీ చేయాలి. మీ ఊళ్లో ఎవరికైనా నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉంటే ఇది చెప్పండి.

పత్తిచేను · ఆగస్టు 13, ఉదయం 11:05

నిన్న ఆసుపత్రిలోనే సాయంత్రమైంది, అందుకే ఆలస్యం. లినెజోలిడ్ ఆపేశారు. స్మియర్ చూశారు, గుంపులేమీ లేవు, నిజంగానే తక్కువ. నిన్నటి లెక్క 54 వేలు. పుండు చూసి లోపల శుభ్రంగా ఉందన్నారు. కల్చర్ రిపోర్టులో పని చేస్తాయని ఉన్న మందుల్లోంచి డాక్సీసైక్లిన్ ఏడు రోజులు రాశారు. ఎకోస్ప్రిన్ పది రోజులు ఆపమన్నారు, బాపుకు స్టెంట్ లేదు. షుగర్ గోలీ ఒకటి సగం చేశారు.

డాక్టరు మీద కోపం తెచ్చుకుందామని పోయాను. ఆయన కంప్యూటర్‌లో చూపించారు, 2వ తేదీన రావాలని, సీబీపీ చేయాలని రాసి ఉంది. మా చేతికిచ్చిన కాగితంలో మాత్రం ఇంగ్లీషులో "రివ్యూ" అని ఒక్క మాట. మందు ఎందుకు ఆపాలో, ఏం పరీక్ష చేయాలో అవ్వకు ఎవరూ తెలుగులో చెప్పలేదు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నర్సును పిలిచి, ఇక నుంచి ఈ మందు రాసినప్పుడు తేదీ తెలుగులో రాసివ్వమన్నారు. ఆ తర్వాత నాకు అడగడానికి ఏమీ మిగల్లేదు.

ఫార్మా_అక్క · ఆగస్టు 13, మధ్యాహ్నం 1:30

మా షాపులో ఈ రోజు ఒక పని చేశా. అయిదు రోజుల మందు చీటీ వస్తే కవరు మీద స్కెచ్ పెన్నుతో ఆఖరి తేదీ రాస్తున్నా. "ఈ తారీఖు తర్వాత డాక్టర్ చెప్తేనే." నా భర్త నవ్వుతున్నాడు, బేరం పోగొట్టుకుంటావని.

ఎనుమాముల_మిర్చి · ఆగస్టు 13, మధ్యాహ్నం 2:15

సరే, నాది తొందరపాటే. తమ్మీ, బాపు పైలం. రక్తం కావాల్సి వస్తే చెప్పు, నాది ఓ పాజిటివ్, యార్డు నుంచి పది మందిని తెస్తా.

పత్తిచేను · ఆగస్టు 20, రాత్రి 8:40

ప్లేట్‌లెట్లు 1 లక్షా 31 వేలు! చిగుళ్ల నెత్తురు ఆగింది. చుక్కలు గోధుమరంగుకు తిరిగి మాయమవుతున్నాయి. హిమోగ్లోబిన్ అక్కడే ఉంది, 9.7.

నీలిమూత · ఆగస్టు 20, రాత్రి 8:52

ఎర్రకణాలు నెమ్మదిగానే వస్తాయి. వాటికి ఇంకో నెల ఇవ్వండి.

పత్తిచేను · ఆగస్టు 28, సాయంత్రం 6:10

2 లక్షల 14 వేలు. ఎకోస్ప్రిన్ మళ్లీ మొదలుపెట్టారు. బాపు చేనుకు పోతానని గొడవ. డాక్టరు గారు బూట్లు వేసుకుంటేనే అన్నారు. ఊళ్లో బూట్లు వేసుకుని గుంటుక తోలితే నవ్వుతారని బాపు బాధ.

రాత్రి_డ్యూటీ · ఆగస్టు 28, రాత్రి 10:15

చాలా సంతోషం. ఒక పని చేయగలరా? మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి ఉంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతుంది. డాక్టర్లే కాదు, రోగి ఇంటివాళ్లు కూడా చెప్పొచ్చు. తెలుగులో ఫారం ఉంది, 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసినా సరే. ఎవరినీ శిక్షించడానికి కాదు, లెక్కలో పడాలని. మన దగ్గర ఇట్లాంటివి వంద జరిగితే కాగితం మీదికి ఒకటి ఎక్కడం కష్టం.

పత్తిచేను · ఆగస్టు 30, రాత్రి 9:20

ఫారం నింపుతున్నాను సర్. మందు పేరు, డోసు, తేదీలు, రిపోర్టులు అన్నీ ఉన్నాయి. బ్యాచ్ నంబరు దగ్గర ఆగిపోయా. అది రేకు మీద ఉంటుంది కదా. రేకులేవి అని అవ్వను అడిగితే బాపు వైపు చూసింది. మంచం మీద పొద్దు పోక ఖాళీ రేకులన్నీ దారానికి గుచ్చి దండ చేశాడట. మా చిన్నోడు తీసుకుపోయి చిలకలు రాకుండా మక్కచేను గట్టున కట్టాడు, ఎండకు తళతళా మెరుస్తున్నాయట. రేపు పొద్దున పోయి ఒకటి తెంపుకొస్తా.